చేపల కుంట పచ్చబడిందా? తుత్తం చల్లేముందు ఆగండి

ఎండలు ముదిరేకొద్దీ పెద్దవూర వంటి మెట్ట ప్రాంతాల్లో కుంటల నీరు తగ్గుతుంది, పచ్చదనం పెరుగుతుంది. మృగశిర కార్తెకు చేప మంచి ధర పలుకుతుందని ఏడాదంతా సాకిన రైతుకు సరిగ్గా ఆ ముందు రోజుల్లోనే గండం. సాయంత్రం మేతకు ఎగబడిన చేపలు తెల్లారేసరికి వెల్లకిలా తేలుతాయి. ఎవరో గిట్టనివాళ్లు మందు కలిపారని అనుమానం వస్తుంది. పక్క రైతుతో తగవుకు పోయే ముందు ఒకసారి కుంట నీళ్ల రంగు చూడండి. చాలాసార్లు అసలు కారణం నాచే.

నాచు అంతా ఒకటి కాదు

లేత ఆకుపచ్చ నీరు చేపకు మంచిదే. కంటికి కనపడని ఆ సన్న నాచే చేపపిల్లకు మేత. రెండోది దారం నాచు. అడుగున, గట్ల వెంట జుట్టులా అల్లుకుని పైకి తేలుతుంది, వలలకు చుట్టుకుంటుంది. మూడోది నీలి ఆకుపచ్చ నాచు. పచ్చ రంగు డబ్బా ఒలకబోసినట్టు గాలి వాటున ఒక మూలకు తెట్టె కడుతుంది, వాసన కొడుతుంది. దీంట్లో కొన్ని రకాలు విషం వదులుతాయి. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో పట్టణంలో ఈ విషం తాగునీటిలో చేరడంతో దాదాపు నాలుగు లక్షల మంది కుళాయి నీళ్లు ముట్టుకోలేదు. తెట్టె కట్టిన కుంటలో గొడ్లను, మేకలను నీళ్లకు దించవద్దు.

తెల్లవారుజామునే ఎందుకు?

పగలు ఎండలో నాచు ప్రాణవాయువును నీటిలోకి వదులుతుంది. రాత్రి అదే నాచు చేపలతో పోటీపడి ఆ ప్రాణవాయువును వాడుకుంటుంది. కోడికూత వేళకు నీటిలో అది అడుగంటుతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తాయి. మబ్బు పట్టిన రోజు తర్వాత వచ్చే రాత్రి మరీ ప్రమాదం, పగలు తయారైందే తక్కువ గనుక.

మోచెయ్యి పరీక్ష

ఎండ బాగా ఉన్నప్పుడు చెయ్యి నిటారుగా నీళ్లలో ముంచండి. మోచెయ్యి మునిగే దగ్గర అరచెయ్యి మసకబారితే నాచు సమపాళ్లలో ఉన్నట్టు. జానెడు లోతులోనే అరచెయ్యి కనపడకపోతే ఎక్కువైనట్టు. నీరు బురదగా ఉంటే మాత్రం ఈ పరీక్ష చెల్లదు. వారానికోసారి చూసి రాసుకుంటే మార్పు ముందే తెలుస్తుంది.

ఎరువే అసలు మూలం

1973లో కెనడా శాస్త్రవేత్తలు ఒక చిన్న సరస్సును మధ్యలో తెర కట్టి రెండుగా చేశారు. ఒక పక్క నత్రజని, కర్బనం వేశారు. రెండో పక్క వాటితోపాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం పడ్డ పక్కే పచ్చగా మారింది. మన కుంటలోకి ఈ భాస్వరం ఎట్లా వస్తుంది? పేడ, కోళ్ల ఎరువు, తినగా మిగిలిన తవుడు, చెక్క, పై మడిలో వేసిన డి.ఎ.పి. వాన నీళ్లతో కొట్టుకురావడం. ఇవి ఆపకుండా ఎన్ని మందులు పోసినా నాచు మళ్లీ వస్తుంది.

ఇట్లా చేయండి

• నీరు ముదురు పచ్చగా మారగానే పేడ, ఎరువులు ఆపండి. మేత సగానికి తగ్గించండి. చేపలు పైకి తేలుతుంటే పూర్తిగా ఆపండి.

• దారం నాచును వెదురు కర్రకు చుట్టి లాగేయండి. గట్టు మీదే వదిలితే వానకు మళ్లీ కుంటలోకే పోతుంది. దూరంగా పెంటకుప్పలో వేస్తే ఎరువవుతుంది.

• చేపలు గుటకలు వేస్తుంటే మోటారు పెట్టి కుంట నీటినే పైకెత్తి జల్లులా పడేట్టు చేయండి. బోరు నీరు పెడితే నేరుగా వదలవద్దు. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ. రాళ్ల మీదో రేకు మీదో పడి చిమ్మేట్టు చూడండి.

• పిల్లలు వదిలేటప్పుడు బొచ్చె, రవ్వ, మోసుతోపాటు కొన్ని గడ్డిచేపలు, వెండిచేపలు కలపండి. గడ్డిచేప నీటి మొక్కలను, కొంత దారం నాచును తింటుంది. వెండిచేప సన్న నాచును వడగట్టి తింటుంది.

• పంట తీశాక కుంట ఎండగట్టి, నెర్రెలు విచ్చాక అడుగు మట్టిని పొలానికి తోలండి. పేరుకున్న భాస్వరం పైరుకు పనికొస్తుంది.

తుత్తం సంగతి

వరి మడిలో నాచుకు మైలుతుత్తం చల్లే అలవాటు మనకుంది. చేపల కుంటలో అదే పని చేస్తే కొంప మునుగుతుంది. ఎకరం కుంటలో మీటరు లోతు నీరుంటే సుమారు 40 లక్షల లీటర్లు. ఎండాకాలం అర మీటరుకు దిగితే అంతే మందు రెట్టింపు ఘాటు అవుతుంది. నీటిలో క్షారగుణం తక్కువైతే కొద్దిపాటి తుత్తానికే చేప చస్తుంది. మందు సరిగ్గా పనిచేసినా గండం తప్పదు. ఒక్కసారిగా చచ్చిన నాచు కుళ్లుతూ ఉన్న ప్రాణవాయువును లాగేస్తుంది. అందుకే పక్క రైతు వేసిన మోతాదు మీరు వేయవద్దు. నీళ్లు పరీక్ష చేయించి, మత్స్యశాఖ అధికారిని గానీ కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం వారిని గానీ అడిగాకే ఆలోచించండి.

ఇంట్లో గాజుతొట్టికీ ఇదే సూత్రం

పిల్లలు ముచ్చటపడి పెంచే రంగు చేపల తొట్టిలో అద్దాలకు పాకుడు పడుతుంటే తొట్టిని కిటికీ ఎండ నుంచి జరపండి. లైటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. రెండు మూడు నిమిషాల్లో తినేంత మేతే వేయండి. వారానికోసారి పావు వంతు నీరు మార్చండి. మొత్తం ఒకేసారి మార్చవద్దు. కుళాయి నీళ్లయితే ఒక రోజు వెడల్పు బకెట్లో తేర్చి పోయండి. పాకుడును పాత గుడ్డతో తుడిస్తే చాలు, సబ్బు తగలనీయవద్దు.

కుంటకైనా తొట్టికైనా ఖర్చులేని పనులే ముందు. ఈ వారం నుంచే మోచెయ్యి పరీక్ష మొదలుపెట్టండి. మబ్బు పట్టిన రాత్రి మాత్రం తెల్లవారుజామున ఒకసారి లేచి కుంట దాకా వెళ్లి చూసి రండి.