రోడ్డు ప్రక్క పొలములలో సీసము

హైదరాబాదు–విజయవాడ రోడ్డు సూర్యాపేట, కోదాడల మీదుగాను, నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు మిర్యాలగూడ మీదుగాను పోవుచున్నవి. ఈ రోడ్ల అంచున పొలములున్న రైతు సోదరులు ఒక సంగతి తెలిసికొనవలెను.

పూర్వము ఇంజను కొట్టుకొనకుండుటకు పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ అను సీసపు ద్రవమును కలిపెడివారు. ఆ సీసము పొగతో వెలువడి రోడ్డు ప్రక్కనే రాలెడిది. డీజిలులో దీనిని కలుపలేదు. పెట్రోలు బండ్లే దీనికి మూలము. మన దేశమున 2000 ఫిబ్రవరి 1 నుండి వాహనములకు సీసము కలిపిన పెట్రోలు అమ్మకము ఆగినది. కాని రాలిన సీసము కుళ్ళదు, ఆవిరి కాదు. నాగలి దిగు లోతులోనే దశాబ్దాల తరబడి నిలిచియుండును. రోడ్డు అంచున హెచ్చుగా ఉండి, దూరము పెరిగిన కొలది త్వరగా తగ్గిపోవును.

మొక్క వేళ్ళు సీసమును కొద్దిగానే పీల్చును. గింజకు, కాయకు చేరునది మరీ స్వల్పము. ఆకులపై పడిన దుమ్ము, దుంపలకు అంటిన మట్టి ద్వారానే అది ఎక్కువగా నోటికి చేరును. పసిపిల్లల మెదడు ఎదుగుదలకు సీసము హాని చేయును.

కావున పాటింపవలసినవి:

1. రోడ్డును ఆనుకొనియున్న మడులలో ఆకుకూరలు, ముల్లంగి, క్యారెట్ వేయరాదు. ప్రత్తి వేయవచ్చును.

2. పశువుల ఎరువు, కంపోస్టు విరివిగా వేయవలెను. ఇవి సీసమును మట్టిలోనే పట్టి ఉంచును.

3. రోడ్డు ప్రక్క కాలువ మట్టిని కూరగాయల మళ్ళకు తోలరాదు.

4. ధాన్యమును రోడ్డుపై ఆరబోయరాదు.

5. ఆకుకూరలను, దుంపలను మంచినీటితో బాగుగా కడిగి వండవలెను.

సాయిల్ హెల్త్ కార్డులోని 12 అంశములలో సీసము లేదు. అనుమానమున్నచో ఆ పరీక్షను వేరుగా కోరవలెను. పొలమంతటికీ భయపడనవసరము లేదు. ఆ అంచు మడులలో పంట మార్చిన చాలును.