ఇంటి పూలు – ఒంటి ఆరోగ్యం

సాయంత్రం ఆరుగంటలు. పెరట్లో మల్లెపొద దగ్గర గిన్నె పట్టుకుని నుంచున్నారు మీరు. మొగ్గలు ఇంకా విచ్చలేదు. గిన్నె నిండేసరికి నడుంనొప్పి సంగతి, ఆఫీసులో పడ్డ మాట సంగతి, పరీక్ష తప్పిన కుర్రాడి సంగతి – అన్నీ కాసేపు వెనక్కి జరుగుతాయి. ఇందుకు డాక్టరు చీటీ అక్కర్లేదు. మందుల షాపుకు వెళ్ళే పని అంతకన్నా లేదు.

కాని డాక్టరు దగ్గరకు పూల సంగతి వచ్చే తీరు వేరు. ఒకావిడ ఇద్దరు పిల్లల్ని తీసుకొచ్చారు. ఇద్దరికీ డెంగీ జ్వరం. "మా ఇల్లు అద్దంలా ఉంచుతానండీ. చుట్టుపక్కల మురుక్కాలువ కూడా లేదు. మా పిల్లలకెలా వచ్చిందండీ?" అని ఆవిడ బాధ. మాటల్లో తేలిందేమిటంటే, హాల్లో టీవీ పక్కన ఇత్తడి కూజాలో ఎప్పుడూ పూలగుత్తి ఉంటుంది. పెరటి పూలే. వాడిన పూలు తీసి కొత్తవి పెడతారు. నీళ్ళు మాత్రం తగ్గినప్పుడల్లా పైనుంచి పోస్తారు. ఇంటికెళ్ళి ఆ కూజా తెల్లటి పళ్ళెంలోకి వంపి చూడమన్నాను. అడుగునీళ్ళలో దోమపిల్లలు గిలగిలలాడుతూ కనిపించాయట!

పిల్లల్ని కుట్టిన దోమ ఆ కూజాలోదేనని ప్రమాణం చేసి చెప్పలేం. కాని అలాంటి కూజా మీ ఇంట్లోనూ ఉందేమో, ఒక్కసారి లేచి చూసి రండి. తర్వాత మిగతాది చదువుదురుగాని. పూలు పెంచడం మానమని చెప్పడానికి కాదు ఈ నాలుగు మాటలూ. హాయిగా పెంచండి, తలలో తురుముకోండి, ఇంట్లో అలంకరించుకోండి. ఎలాగన్నది తెలిస్తే చాలు.

పూలు చేసే మేలెంత?

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక ఆస్పత్రిలో పిత్తాశయం తీసే ఆపరేషను చేయించుకున్నవాళ్ళ రికార్డులను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పరిశీలించి, 1984లో ఆ ఫలితాలు ప్రకటించాడు. కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవాళ్ళు, ఇటుక గోడ మాత్రమే కనిపించే గదుల్లో ఉన్నవాళ్ళకన్నా త్వరగా ఇంటికి వెళ్ళారు. గట్టి నొప్పి మాత్రలు కూడా తక్కువే వాడారు. పచ్చదనం చూస్తే రోగం పోతుందని దీని అర్థం కాదు. కోలుకునే మనిషికి కంటి ఎదుట ఏముందన్నది కూడా లెక్కలోకి వస్తుందని మాత్రం అర్థం.

మేలు చూడటంతో ఆగదు. మట్టి గుల్లచేయడం, కుండీలు జరపడం, బకెట్లతో నీళ్ళు మోయడం మంచి వ్యాయామమే. వారానికి 150 నిమిషాలు ఒళ్ళు కదిలేలా శ్రమ చేయమని పెద్దవాళ్ళకు వైద్యులు చెబుతారు. తోటపని అందులో జమ వేసుకోవచ్చు. గొట్టం పట్టుకుని నుంచుంటే మాత్రం జమ కాదు సుమా! మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గొంతుక్కూర్చోకుండా, కుండీలను బల్లమీద పెట్టించుకుని నుంచునే పని చేసుకోవచ్చు.

ఏ కాలానికి ఆ పూలు

ఏడాదంతా ఒకే పువ్వు కోసం ఆరాటపడితే కొనుక్కోవలసిందే. కాలాన్ని నమ్ముకుంటే ఇంట్లో పూలకు కరువుండదు. చలికాలంలో మల్లెకు కొన్నాళ్ళు నీళ్ళు తగ్గించి కొమ్మలు కత్తిరిస్తే ఎండాకాలానికి విరగబూస్తుంది. వానాకాలం రాగానే సన్నజాజి, చంద్రకాంత. ఆషాఢంలో బంతినారు పోస్తే దసరాకు గుమ్మం తోరణానికి అందుతుంది. ఆ రోజుల్లోనే పారిజాతాలు తెల్లవారేసరికి నేలంతా పరుచుకుంటాయి. పగటిపొద్దు తగ్గితేగాని చామంతి మొగ్గ వేయదు. అందుకే అది చలికాలపు పువ్వయింది. దాని వెంటే డిసెంబరాలు. కనకాంబరం, మందారం, నందివర్ధనం దాదాపు ఏడాది పొడుగునా మన మాట వింటాయి.

తెలంగాణ ఇళ్ళలో బతుకమ్మ పేర్చడం చూశారా? తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు – ఆ ఋతువు ఇచ్చిన వాటినే పళ్ళెంలో గోపురంగా నిలబెడతారు. అంతకు మించిన పూలగుత్తి ఏ దుకాణంలో దొరుకుతుంది? ఇంటి పూలలో ఇంకో సుఖం ఉంది. వాటి మీద ఏ మందు చల్లారో, అసలు చల్లారో లేదో మీకు తెలుసు. బజారు గులాబీ రేకులతో గుల్కందు చేయబోయేవాళ్ళు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. అలంకరణకని పెంచిన పువ్వు తినడానికి పనికిరాదు.

కూజాలో నీళ్ళు

డెంగీ, చికున్‌గున్యా తెచ్చే దోమ ఒంటిమీద తెల్లచారలున్న దోమ. దీనికి మురుక్కాలువ అక్కర్లేదు. పూలకూజా, కుండీ కింద పళ్ళెం, మనీప్లాంటు సీసా, పాత కొబ్బరిచిప్ప – ఏదయినా సరే, నిలవనీళ్ళుంటే చాలు. కుట్టేది పగటిపూట, ముఖ్యంగా పొద్దుటా సాయంత్రమూ. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పదిరోజులు పడుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నీళ్ళు పారబోసి అంతటితో సరిపోయిందనుకుంటారు. ఈ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, కూజా గోడకు అంటిస్తుంది. అవి తడి లేకపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. కాబట్టి నీళ్ళు మార్చినప్పుడల్లా కూజా లోపలి గోడలను పీచు పెట్టి గట్టిగా తోమాలి. వారానికి రెండుసార్లు తప్పనిసరి; రోజూ మారిస్తే పూలకూ మంచిదే. కుండీల కింద పళ్ళేలలో నీళ్ళకు బదులు ఇసుక పోయండి.

పూలు ఎక్కువ రోజులు నిలవాలంటే పెద్ద రహస్యమేమీ లేదు. పొద్దున్నే చల్లటివేళ కోయాలి. కాడను ఏటవాలుగా తెగ్గొట్టాలి. నీళ్ళలో మునిగే ఆకులను దూసేయాలి, లేకపోతే కుళ్ళి కంపుకొడతాయి. పండిన అరటి, మామిడి పక్కన కూజా పెట్టవద్దు. పండ్లలోంచి వచ్చే వాయువుకు పూలు తొందరగా వాడిపోతాయి. కాడలేని మందారాలు, నందివర్ధనాలయితే పళ్ళెంలో నీళ్ళుపోసి తేలవేయండి. రాత్రి పడుకోబోయే ముందు ఆ నీళ్ళు మొక్కకు పోసేయండి.

పిల్లలకు ఉన్నట్టుండి తీవ్రంగా జ్వరం, తలనొప్పి, కళ్ళ వెనక నొప్పి వస్తే డెంగీ కావచ్చునని అనుమానించాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలు సొంతంగా వేయవద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది. జ్వరం తగ్గేవేళ కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ వెంట రక్తం, మగతగా పడి ఉండటం – వీటిలో ఏది కనిపించినా "జ్వరం తగ్గిందిగా" అని ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

వాసన పడనివాళ్ళు

"రాత్రి పడకగదిలో పూలు పెడితే బొగ్గుపులుసు గాలి వదులుతాయి, ఊపిరాడదు" అంటూంటారు. భయపడకండి. గదిలో పడుకున్న మీ పక్కమనిషి వదిలే దానితో పోలిస్తే గుప్పెడు పూలు వదిలేది ఏపాటిది? ఇబ్బంది పెట్టేది గాలి కాదు, ఘాటయిన వాసన. ఆయాసం ఉన్నవాళ్ళకు, పార్శ్వపు తలనొప్పి ఉన్నవాళ్ళకు నైట్‌క్వీన్, లిల్లీ, సంపెంగ వంటి వాటి వాసన బాధను రేపవచ్చు. కిటికీ కింద నైట్‌క్వీన్ పూచే రోజుల్లోనే మీకు రాత్రిళ్ళు ఆయాసం వస్తోందా? పూచిన తేదీలు, ఆయాసం వచ్చిన తేదీలు ఒక నెల క్యాలెండరు మీద గుర్తుపెట్టి డాక్టరుకు చూపండి. ఇన్‌హేలరు మాత్రం మానవద్దు.

తుమ్ములు తెచ్చే పుప్పొడి చాలావరకు గులాబీ, మందారాలది కాదు. వాటి పుప్పొడి బరువైనది, జిగటైనది, పురుగులు మోసుకుపోవలసిందే. గాలిలో తేలివచ్చేది గడ్డిపూల పుప్పొడి. గోడవతల ఖాళీస్థలంలో పెరిగే వయ్యారిభామ మొక్కా తక్కువది కాదు. దాని వల్ల చర్మం కూడా దురదలు పెట్టి, దద్దురు లేస్తుంది. చామంతి, బంతి దాని కుటుంబంలోవే. వయ్యారిభామ పడనివాళ్ళకు ఒక్కొక్కసారి చామంతి దండ కట్టినా వేళ్ళు పగులుతాయి. అలాంటివాళ్ళు మల్లె, కనకాంబరం కట్టుకుంటే సరి.

"ఈ ఏడు మల్లెలకు వాసనే లేదు!"

ఇంట్లో బామ్మగారో తాతగారో ఈ మాట అంటే నవ్వి ఊరుకోకండి. అదే మల్లె మీకు గుప్పుమంటూంటే, తగ్గింది మల్లె వాసన కాదు, వాళ్ళ ముక్కు పని. వయసుతో కొంత తగ్గుతుంది. జలుబు, ముక్కులో కండ పెరగడం, కొన్ని నరాల జబ్బులూ కారణం కావచ్చు. వాసన తెలియని మనిషికి గ్యాసు లీకయినా తెలియదు, పాచిపోయిన కూరా తెలియదు. కనుక డాక్టరుకు చూపించాలి.

2020, 2021లలో కోవిడ్ వచ్చినప్పుడు ఎంతోమందికి వాసన పోయింది. జబ్బు తర్వాత అలా పోయినవాళ్ళకు వైద్యులు చెప్పే సాధనలో గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి – ఈ నాలుగు వాసనలను రోజుకు రెండుపూటలా, శ్రద్ధగా, నెలల తరబడి చూడమంటారు. అందరికీ తిరిగి రాదు. కాని చేసిచూడటంలో నష్టం లేదు.

అందం వెనక విషం

గన్నేరు పువ్వు పూజకు మంచిదే. చెట్టు మాత్రం ఆకు నుంచి గింజ దాకా విషం. పచ్చగన్నేరు గింజ మరీ ప్రమాదం. గుండె లయ తప్పించి ప్రాణం తీయగలదు. పాకే పిల్లలు, ఆడుకునే పిల్లలున్న ఇంట్లో పచ్చగన్నేరు వద్దు. ఉమ్మెత్త కూడా అంతే. అది తిన్నవాళ్ళకు నోరెండిపోయి, కంటిపాపలు పెద్దవై, పిచ్చిమాటలు మొదలవుతాయి.

పిల్లవాడు ఏదయినా నమిలాడని తెలిస్తే నోట్లో మిగిలింది వేలితో తీసి, నోరు కడగండి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. "ఇప్పుడు బాగానే ఉన్నాడుగా" అని కాచుకుని కూర్చోవద్దు. 108కి ఫోను చేయండి. ఆ కొమ్మో కాయో వెంట తీసుకువెళితే డాక్టరుకు పని సులువవుతుంది.

బిళ్ళగన్నేరు ఆకులు నమిలితే షుగరు పోతుందని నమ్మేవాళ్ళు మనలో చాలామంది. ఇలాంటి నమ్మకం విని 1950లలో కెనడాలో కొందరు పరిశోధకులు దాన్ని పరీక్షించారు. షుగరు సంగతి అలా ఉండగా, రక్తంలో తెల్లకణాలు తగ్గిపోవడం కనిపించింది. ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సరు మందులు వచ్చాయి. క్యాన్సరు ఆస్పత్రిలో కొలత చూసి, రక్తపరీక్షలు చేస్తూ ఇచ్చే మందులకు పుట్టిల్లయిన మొక్కను, కొలతా లెక్కా లేకుండా రోజూ పరగడుపున నమలడం ఎంత సాహసమో ఆలోచించండి!

పొద దగ్గర

సంపెంగ, మొగలి వాసనకు పాములు రావు. అవి వచ్చేది ఎలుకలకు, కప్పలకు, చల్లటి చాటుకు. పొద మొదట్లో చెత్త, ఇటుకల కుప్ప లేకుండా చూసుకోండి. మసకచీకట్లో మొగ్గలు కోసేటప్పుడు టార్చిలైటు వేసి, ముందు కర్రతో కదిపి, తర్వాత చేయి పెట్టండి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం ఏదీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి ఆస్పత్రికి చేర్చాలి.

చెప్పుల్లేకుండా మట్టిలో దిగవద్దు. షుగరున్నవాళ్ళకు పాదం స్పర్శ తగ్గి, ముల్లు దిగినా తెలియదు. పని అయ్యాక అరికాళ్ళు తప్పక చూసుకోవాలి. గులాబీ ముల్లు గుచ్చుకుంటే సబ్బునీళ్ళతో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు చేయించుకున్నారో గుర్తుచేసుకోండి. పదేళ్ళు దాటితే మళ్ళీ కావాలి. చాలా అరుదుగా, గుచ్చుకున్న కొన్ని వారాలకు ఆ చోట గడ్డ లేచి, చేతి వెంట వరసగా మరికొన్ని గడ్డలు పైకి పాకుతాయి. అది బూజు జాతి సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు. మామూలు పూతమందులకు లొంగదు. డాక్టరుకు "గులాబీ ముల్లు గుచ్చుకుంది" అని చెప్పడం మరవకండి.

రోగిని చూడబోయేటప్పుడు

చుట్టాలు ఆస్పత్రిలో ఉంటే పూలు పట్టుకెళ్ళాలనిపించడం సహజం. క్యాన్సరు మందులు వాడుతున్నవాళ్ళకు, ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్నవాళ్ళకు మాత్రం వద్దు. కూజా నీళ్ళలో పెరిగే సూక్ష్మజీవులు మనల్ని ఏమీ చేయకపోయినా, శక్తి తగ్గినవాళ్ళకు చేటు చేయవచ్చు. ఆ పూలు దాచండి. వాళ్ళు ఇంటికి వచ్చిన రోజున కిటికీ ఎదురుగా కుర్చీ వేసి, పూచిన కుండీని అవతల అరుగు మీద పెట్టండి.

ఇక ఈ సాయంత్రం చేయవలసిన పని ఒక్కటే. మొగ్గలు కోసుకొచ్చాక, మాల కట్టడానికి కూర్చునే ముందు, ఇంట్లో పూలకూజాలన్నీ ఒకచోట పెట్టి, నీళ్ళు పారబోసి, పీచుతో తోమి బోర్లించండి. పది నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత నింపాదిగా మాల కట్టుకోండి.