కాలాన్ని మరచిన కొలత

ఐస్ హాకీలో దాడిలోనూ, రక్షణలోనూ సమర్థుడైన మధ్యస్థానపు ఆటగాణ్ణి ‘టూ వే సెంటర్’ అంటారు. అమెరికాలో ఫిలడెల్ఫియా జట్టుకు ఆడిన బాబీ క్లార్క్ (1969–84), బోస్టన్ జట్టుకు ఆడిన పాట్రిస్ బెర్జెరాన్ (2003–23) అట్టివారు. వీరిలో ఎవరు మిన్న?

రక్షణలో మేటి అయిన ఫార్వర్డుకు ఇచ్చే సెల్కీ ట్రోఫీని బెర్జెరాన్ ఆరుసార్లు గెలువగా, క్లార్క్ 1983లో ఒక్కసారే గెలిచాడు. అయితే ఆ ట్రోఫీని తొలిసారి ఇచ్చినది 1978లో. అప్పటికే క్లార్క్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా మూడుసార్లు హార్ట్ ట్రోఫీ పొందాడు.

గోల్స్, వాటికి తోడ్పడిన పాసులు కలిపి క్లార్క్ 1144 ఆటల్లో 1210 పాయింట్లు, బెర్జెరాన్ 1294 ఆటల్లో 1040 పాయింట్లు సాధించారు. కాని క్లార్క్ కాలంలో గోల్స్ అధికంగా నమోదయ్యేవి. కనుక ఆటగాణ్ణి ముందుగా సమకాలికులతో పోల్చి, పిమ్మటనే యుగాల మధ్య తూకం వేయడం న్యాయం.