పువ్వుకి చిత్రకారుడి పేరు

పిల్లలూ, ఫొటోలు లేని రోజుల్లో మన మొక్క ఎలా ఉంటుందో దూరదేశాల వాళ్ళకి ఎలా చూపించేవారు? బొమ్మ గీసి!

మన చెన్నైని మద్రాసు అని పిలిచే రోజుల్లో, ఈస్టిండియా కంపెనీ డాక్టరు రాబర్ట్ వైట్ దక్షిణాది మొక్కలు సేకరించాడు. ఆయన కోసం బొమ్మలు వేసినవారు రంగయ్య, తర్వాత గోవిందు. తెచ్చిన కొమ్మ వాడిపోయేలోపే గీయాలి. పువ్వు విప్పి కేసరాలు, అండాశయం, గింజ పెద్దవి చేసి పక్కనే చూపించాలి. అవి తప్పితే మొక్కని గుర్తుపట్టడం కష్టం.

1838–1853 మధ్య మద్రాసులో రాతి అచ్చులో వెలువడిన వైట్ గ్రంథం 6 సంపుటాల్లో 2,101 చిత్రపటాలున్నాయి.

ఆ కాలంలో కంపెనీ దొరలకి ఇలా గీసిపెట్టిన చాలామంది పేర్లు ఎవరికీ తెలియవు. వైట్ మాత్రం 1853లో ఒక ఆర్కిడ్‌కి ‘గోవిందూయియా’ అని చిత్రకారుడి పేరే పెట్టాడు. తర్వాత శాస్త్రవేత్తలు దాన్ని ‘ట్రోపిడియా’లో కలిపేయడంతో ఆ పేరూ వాడుకలోంచి పోయింది.

ఈసారి సైన్సు రికార్డులో మందారం గీసేటప్పుడు పుస్తకంలో బొమ్మ చూసి కాదు, పువ్వునే ఎదురుగా పెట్టుకుని గీయండి. కింద మీ పేరు రాయడం మరిచిపోకండి.