ద్రావణిరహిత నిష్కర్షణ: కోనసీమ పచ్చిమూలికల సందర్భంలో ఒక పరిశీలన

ఔషధ మొక్కలలోని జైవక్రియాశీల సమ్మేళనాలను వేరుచేయు పద్ధతుల చర్చలో ‘ద్రావణిరహితం’ అనే మాట విరివిగా వినబడుతున్నది. దీని వెనుక న్యాయమైన ఆందోళన ఉన్నది. ఔషధాలలో హెక్సేన్ అవశేషం పదిలక్షల భాగాలకు 290 భాగాలు, మిథనాల్ 3000 భాగాలు మించరాదని అంతర్జాతీయ మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నవి. అయితే ఆ మాట అన్నిచోట్లా ఒకే అర్థంలో వాడబడుట లేదు. 31 డిగ్రీల సెల్సియస్, 74 బార్ల పీడనం దాటిన కార్బన్ డయాక్సైడ్ కూడా ద్రావణియే. పీడనం తగ్గించగానే వాయువై వెళ్లిపోవును గనుక అవశేషం మిగలదు, అంతే.

గౌతమీ వశిష్ఠల నడుమనున్న కోనసీమలో చేలగట్లపై గుంటగలగర, కాలువల తేమలో సరస్వతి ఆకు పెరుగును. గుంటగలగరను దంచి, గుడ్డలో పిండి, ఆ రసాన్ని కొబ్బరినూనెలో చిటపటలు ఆగువరకు కాచుట ఇళ్లలో తెలిసిన పనియే. ఇందులో మొదటి సగం, అనగా ఆయుర్వేదం ‘స్వరసం’ అన్నది, నిజంగా ద్రావణిరహితం. రెండవ సగం కాదు. కొబ్బరినూనె ద్రావణి కాదనుట రసాయనశాస్త్రానికి సరిపడదు. పైగా సరస్వతి ఆకులోని ఏషియాటికోసైడ్ వంటి గ్లైకోసైడ్లు నూనెలో సరిగా కరగవు. ఆ ఆకుతో నూనె కాచినపుడు, నీరు ఇగిరిన తరువాత వాటిలో ఎక్కువ భాగం అడుగున గసిలోనే చిక్కుకొనుటకు అవకాశమున్నది. నూనెను మాత్రమే పరీక్షించి గసిని పారబోసిన అధ్యయనం సగం లెక్కే చెప్పును.

2004లో లుకేసీ, షెమా, స్మాజాలు ప్రకటించిన సూక్ష్మతరంగ పద్ధతిలో పాత్రలో నీరు పోయరు. తాజా ఆకుల కణాలలోని నీరే వేడెక్కి, తైలగ్రంథులను పగులగొట్టి, ఆవిరిగా సుగంధతైలాన్ని మోసుకొనిపోవును. సబ్జా, పుదీనా జాతి, థైమ్ ఆకులపై 30 నిమిషాలలో లభించిన తైలం, నాలుగున్నర గంటల జలస్వేదనంతో లభించినదానికి పరిమాణంలోను గుణంలోను దీటుగా ఉన్నట్లు వారు చూపిరి. మన తులసికి ఈ మార్గం అనువైనది. బాష్పశీలం కాని ఏషియాటికోసైడ్‌కు కాదు. అట్టివాటికి కణరసం గురుత్వాకర్షణతో కిందికి జారి చేరునట్లు 2008లో రూపొందిన సూక్ష్మతరంగ విధానాన్ని పరీక్షించి చూడవలసియున్నది.

ఈ రెండింటికీ ఆకు పచ్చిగా ఉండుటయే ఆధారం. ఎండిన సరుకైతే ముందుగా నీటిలో నానబెట్టవలెను. అప్పుడు బయటి నీరు చేరినట్లే. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల పరిశోధకునికి ఆకు కోసిన గంటలోనే ప్రయోగశాల చేరగల వీలున్నది. కావున కోతకు, నిష్కర్షణకు మధ్య గడిచిన కాలాన్ని, ఆకులోని తేమ శాతాన్ని విధిగా నమోదు చేయవలెను. విశ్లేషణ కొరకు రసాన్ని తరువాత మిథనాల్‌లో కలిపినచో ఆ సంగతిని వేరుగా రాయవలెను. ‘ద్రావణిరహితం’ అనే విశేషణం నిష్కర్షణ దశకు మాత్రమే చెల్లును.