పెట్ డాగ్స్: రీల్ చూసి హస్కీ తెచ్చేస్తున్నారా..? గోదావరి జిల్లాల ఎండకి, మీ ఇంటికి సరిపోయే కుక్క ఏదో ముందు తెలుసుకోండి!

నీలికళ్ల హస్కీ మంచులో పరిగెడుతుంటుంది.. వెనకాల అదిరిపోయే మ్యూజిక్. ఫోన్‌లో ఆ రీల్ చూడగానే 'మన ఇంట్లో కూడా ఒకటి ఉంటేనా..' అనిపిస్తుంది. కానీ ఆ రీల్‌లో ఉన్నది మంచు. మనకి ఉన్నది మే నెల రాజమండ్రి! ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పైగా ఉక్కపోత. మధ్యలో కరెంటు పోతే మనుషులే విలవిల్లాడిపోతారు. ఒంటినిండా రెండు పొరల బొచ్చున్న ఆ మూగజీవి పరిస్థితి ఏంటి..?

కుక్కని తెచ్చుకోవడం ఒక్కరోజు సరదా. పెంచడం మాత్రం పది, పన్నెండేళ్ల పని. అందుకే ఏ జాతి అయితే మన వాతావరణానికి, మన ఇంటికి, మన టైమింగ్స్‌కి కుదురుతుందో ముందే చూసుకోవాలి. లేదంటే ఇబ్బంది పడేది మీరొక్కరే కాదు, అది కూడా.

ఉక్కపోతే అసలు సమస్య.. ఎందుకంటే..?

మనకి ఒళ్లంతా చెమట పడుతుంది. అది ఆరుతుంటే చల్లబడతాం. కుక్కకి అలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతుంది. నోట్లో, నాలుక మీద తడి ఆవిరైపోతుంటే దాని ఒంట్లో వేడి తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ తడి తొందరగా ఆరదు. సముద్రం, గోదావరి, పంట కాలువలు, చేపల చెరువులు.. డెల్టాలో ఎటు చూసినా నీళ్లే కదా. అందుకే ఇక్కడ కుక్క ఎంత రొప్పినా ఒక్కోసారి చల్లబడదు.

ఈ లెక్కన సైబీరియన్ హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటి చలిదేశపు జాతులు మనకి సెట్ కావు. 'ఏసీ రూమ్‌లో పెంచుతాం' అంటారా..? ఏడాదిలో ఎన్ని నెలలు, రోజుకి ఎన్ని గంటలు ఏసీ వేసి ఉంచగలరో లెక్కేసుకోండి. హస్కీకి బాగా పరుగు కావాలి. రోజంతా ఏసీ గదిలో బంధిస్తే సోఫాలు చింపేస్తుంది, ఊళలు వేస్తుంది. అది దాని తప్పు కాదు. కొంతమంది వేసవిలో బొచ్చు మొత్తం గొరిగించేస్తారు. అది కూడా మంచిది కాదు. ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపేది ఆ బొచ్చే.

ముద్దుగా ఉండే పగ్ సంగతేంటి..?

2003లో వచ్చిన హచ్ యాడ్ గుర్తుందా..? పిల్లాడి వెనకాలే తిరిగే పగ్! ఆ యాడ్ తర్వాత దేశమంతా పగ్‌ల క్రేజ్ మొదలైంది. బరువు ఆరు నుంచి ఎనిమిది కిలోలు, పిల్లలతో సరదాగా ఉంటుంది, అపార్ట్‌మెంట్‌లో ఇమిడిపోతుంది. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ముక్కు నొక్కేసినట్టు ఉంటుంది కాబట్టి ఊపిరి తీసుకోవడమే దానికి కష్టం. గురక ముద్దుగా అనిపిస్తుంది గానీ, చాలాసార్లు అది ఊపిరి ఆడట్లేదని చెప్పే గుర్తు. వేసవిలో త్వరగా వడదెబ్బ తగిలేది ఇలాంటి చప్పిడి ముక్కు జాతులకే. బుల్‌డాగ్, షిట్జూలకి కూడా ఇదే బాధ. ఇప్పటికే మీ ఇంట్లో పగ్ ఉంటే కంగారేం లేదు. ఎండవేళ బయటికి తీసుకెళ్లకండి, లావెక్కనివ్వకండి.

మీ ఇల్లు ఎలాంటిది..? దాన్నిబట్టే కుక్క

ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే అపార్ట్‌మెంట్ ఫ్యామిలీ: పొద్దున తొమ్మిదికి తాళం వేస్తే సాయంత్రం ఆరుకి గానీ రారు అనుకోండి. మీకు రెండు నెలల కుక్కపిల్ల అస్సలు కుదరదు. దానికి రోజుకి మూడు నాలుగుసార్లు తిండి పెట్టాలి, మాటిమాటికీ బయటికి తీసుకెళ్లాలి. బీగిల్ చూడ్డానికి చిన్నదే, కానీ ఒంటరిగా వదిలేస్తే దాని అరుపులకి పక్క ఫ్లాట్ వాళ్లు వచ్చి తలుపు కొడతారు. ఏడాది దాటిన, పద్ధతులు తెలిసిన చిన్న సైజు కుక్క అయితే బెటర్. అదీ మధ్యాహ్నం ఒకసారి చూసే మనిషి ఉంటేనే. అలా ఎవరూ లేకపోతే ఇప్పటికి ఆగడమే మంచిది.

పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు ఊళ్లో: ఇది గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ల కథ. 'అమ్మానాన్నకి తోడుగా ఉంటుంది' అని సెలవులకి వచ్చిన కొడుకు ఒక లాబ్రడార్ పిల్లని కొనిచ్చి ఫ్లైట్ ఎక్కేస్తాడు. ఏడాది తిరిగేసరికి అది 30 కిలోలు అవుతుంది. అది బెల్టు లాగితే డెబ్బై ఏళ్ల పెద్దాయన కింద పడతారు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. లాబ్రడార్ చెడ్డదని కాదు, మంచి స్వభావం గల కుక్క. కానీ దానికి రోజూ గంట సేపు నడిపించే చేతులు కావాలి. పెద్దవాళ్లకి పది కిలోల లోపు ఉండే, నెమ్మదస్తురాలైన పెద్ద వయసు కుక్క సరిపోతుంది. మనం మామూలుగా 'బొచ్చుకుక్క', 'పామరేనియన్' అని పిలిచే ఇండియన్ స్పిట్జ్ చాలా ఏళ్లుగా మన ఇళ్లలో పెరుగుతున్నదే. కొంచెం ఎక్కువ అరుస్తుంది, బొచ్చు దువ్వాలి. కానీ గేటు దగ్గర ఎవరొచ్చినా ఇట్టే చెప్పేస్తుంది. ఒక్కమాట.. కొనేముందు అమ్మని, నాన్నని అడగండి. పెంచేది వాళ్లే కదా!

చిన్నపిల్లలున్న ఇల్లు: పెరడు ఉండి, పొద్దున సాయంత్రం నడిపించే వాళ్లుంటే లాబ్రడార్ బాగుంటుంది. కాకపోతే తిండి పెట్టేకొద్దీ తింటూనే ఉంటుంది, లావెక్కితే కీళ్ల నొప్పులు వస్తాయి. గోల్డెన్ రిట్రీవర్ కూడా సాధువే, కానీ బొచ్చు ఎక్కువ కాబట్టి మన ఎండకి ఇంకా ఇబ్బంది. ఏ జాతి అయినా సరే.. పసిపిల్లల్ని, కుక్కని ఒంటరిగా ఒకే గదిలో వదలొద్దు.

చెరువుల కాపలా, కొబ్బరితోట, పెద్ద ఆవరణ: ఇక్కడ చాలామంది రాట్‌వీలర్ అంటారు. మొదటిసారి కుక్కని పెంచేవాళ్లకి అది సరైన ఛాయిస్ కాదు. చిన్నప్పటి నుంచి గట్టి శిక్షణ లేకపోతే యజమాని కూడా అదుపు చేయలేడు. 2024 మార్చిలో రాట్‌వీలర్, పిట్‌బుల్ సహా 23 రకాల కుక్కల అమ్మకం, పెంపకం ఆపాలని కేంద్రం రాష్ట్రాలకి లేఖ రాసింది. తర్వాత నెలలోనే కర్ణాటక హైకోర్టు ఆ సర్క్యులర్‌ని కొట్టేసింది. కోర్టు సంగతి ఎలా ఉన్నా, కుక్క ఎవరినైనా కరిస్తే బాధ్యత మీదే.

మన కొల్లేటి కుక్క.. జోనంగి!

చెరువు గట్టు మీద, ఎండలో, బురదలో తిరిగే కుక్క కావాలంటే విదేశాల వైపు చూడక్కర్లేదు. మన దగ్గరే ఒకటి ఉండేది. పేరు జోనంగి. కొల్లేరు చుట్టుపక్కల పశ్చిమగోదావరి, కృష్ణా ప్రాంతాల్లో బాగా కనిపించేది. ఒంటికి అతుక్కుపోయినంత పొట్టి, నున్నటి వెంట్రుక. నుదుటి మీద ముడతలు. సన్నటి ఒళ్లు, మంచి పరుగు. మామూలు కుక్కలా మొరగడం తక్కువ, గొంతు సాగదీసి వింతగా కూస్తుంది. నేలలో గుంత తవ్వుకుని చల్లగా పడుకోవడం దీనికి అలవాటు. ఎండని ఎలా తప్పించుకోవాలో దానికి ఎవరూ నేర్పలేదు!

కొల్లేటి రైతులు వీటిని చిన్నచిన్న వేటకి, బాతుల మందల్ని తోలడానికి వాడుకునేవారు. తర్వాత పొలాలు చేపల చెరువులయ్యాయి. బాతుల మందలు తగ్గాయి. జోనంగికి పని పోయింది, పట్టించుకునే వాళ్లు పోయారు. ఆకలికి చెరువుల్లో చేపలు పట్టడం మొదలుపెట్టేసరికి జనం వాటిని చంపేశారు. ఇప్పుడు అసలైన జోనంగి దొరకడమే కష్టం. ఒక ఊరి జీవనం మారితే ఒక జాతి ఎలా మాయమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటక ముధోల్ హౌండ్ కూడా మన దక్షిణాది జాతులే. పొట్టి వెంట్రుక కాబట్టి ఎండకి తట్టుకుంటాయి. 2020 ఆగస్టులో 'మన్ కీ బాత్'లో ప్రధాని మోదీ దేశీ కుక్కల్నే పెంచుకోమన్నప్పుడు ఈ పేర్లు అందరికీ తెలిశాయి. అయితే ఇవి వేట కుక్కలు. పరిగెత్తడానికి చోటు లేని డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో వీటిని పెట్టడం కూడా అన్యాయమే.

మరి మామూలు ఇంటికి..? మీ వీధి చివర పుట్టిన నాటు కుక్కపిల్లని ఒకసారి చూడండి. ఈ ఎండకి, ఈ ముసురుకి తరతరాలుగా అలవాటుపడిన జాతి అది. తిండి ఖర్చు తక్కువ, తెలివి ఎక్కువ. టీకాలు వేయించి, ఇంట్లో మనిషిలా చూసుకుంటే ఏ జాతి కుక్కకీ తీసిపోదు.

కొనేముందు ఇవి చూడండి

2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అవ్వాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. కాబట్టి రిజిస్ట్రేషన్ కాగితం అడగండి. పిల్లని దాని తల్లితో పాటు చూడండి. తల్లిని చూపించకుండా 'బస్సులో పార్శిల్ వేస్తాం, ముందు ఫోన్‌పే చేయండి' అంటే ఆ బేరం వదిలేయండి. అన్నట్టు, అపార్ట్‌మెంట్‌లో పెంపుడు కుక్కల్ని అసోసియేషన్ నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. అలాగని లిఫ్ట్‌లో, మెట్ల మీద పాడు చేస్తే ఊరుకోమని కాదు. శుభ్రం చేయాల్సింది మీరే.

డెల్టాలో ఈ జాగ్రత్తలు మస్ట్

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలవ్వాలి. మూడు నెలలకి రేబిస్ టీకా, తర్వాత డాక్టర్ చెప్పినట్టు బూస్టర్లు. ఎలుకల మూత్రం కలిసిన వరద నీళ్లు, పొలాల నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఇది కుక్క నుంచి మనుషులకీ సోకే జబ్బు. వరిపొలాల మధ్య ఉండే మనకి ఆ టీకా గురించి ప్రత్యేకంగా అడగడం మంచిది. వానాకాలంలో చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో రోజూ చూడాలి. వాటివల్ల వచ్చే జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది. ఏటా జూలై 6న జూనోసిస్ డే సందర్భంగా పశువుల ఆస్పత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు, కనుక్కోండి.

మీ కుక్కయినా సరే.. కరిస్తే, గీరితే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. పసరు, కారం పూయొద్దు. రేబిస్ లక్షణాలు కనిపించాక దాదాపు బతికించడం ఉండదు.

వేసవిలో పొద్దున ఏడు లోపు, సాయంత్రం ఎండ దిగాకే వాకింగ్. రోడ్డు మీద మీ అరచెయ్యి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి. బాగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే అది వడదెబ్బ. నీడలోకి తెచ్చి, మామూలు చల్లటి నీళ్లతో ఒళ్లు తడిపి, ఫ్యాన్ పెట్టి డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. ఐస్ నీళ్లు వద్దు.

తిండిలో ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, పరమాన్నంలో కిస్మిస్ పెట్టకూడదు. ఉడికించిన కోడి ఎముకలు కూడా వద్దు, విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఆదివారం కూర మిగిలిందని దానికి వేసేయకండి.

లంక గ్రామాల వాళ్లకి ఇంకో మాట. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక వచ్చినప్పుడు కోనసీమ లంకలు నీట మునిగాయి. అలాంటప్పుడు పడవలో మీతోపాటు తీసుకెళ్లగలిగే సైజు కుక్కేనా అని కొనేముందే ఆలోచించండి. తీసుకెళ్లడం అస్సలు కుదరకపోతే.. కనీసం గొలుసు విప్పి వెళ్లండి. కట్టేసిన కుక్క ఈదలేదు.

చివరిగా ఒక చిన్న టెస్ట్! ఏ కుక్క మీద మనసు పడ్డారో దాని ఫొటో పెట్టుకుని, మే నెల మధ్యాహ్నం రెండింటికి ఫ్యాన్ ఆపి పది నిమిషాలు కూర్చోండి. ఆ బొచ్చుతో అది ఇక్కడ బతకగలదా..? పొద్దున ఐదున్నరకి రోజూ దాన్ని నడిపించేది ఎవరు..? మీరు ఊరెళ్తే చూసేది ఎవరు..? ఈ మూడింటికి ఇంట్లో అందరూ ఒకే సమాధానం చెబితే, ఆయ్.. అప్పుడు తెచ్చుకోండి. లేదంటే రీల్‌కి ఒక లైక్ కొట్టి వదిలేయండి. దానికీ, మీకూ అదే మేలు.