బ్యాక్‌వాటర్ దూర గణనలో ఘాత శ్రేణి: మంథని సందర్భం

గోదావరిపై మంథనికి దిగువన, కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా 2019లో ప్రారంభమైన అన్నారం బ్యారేజీ ఉంది. గేట్లు మూసి నీటిని నిలిపినప్పుడు బ్యాక్‌వాటర్ ఎగువకు ఎంత దూరం వ్యాపిస్తుందన్న దానిపైనే తీర పొలాల ముంపు ఆధారపడి ఉంటుంది.

ఏకరీతి వాలు గల వెడల్పాటి కాలువకు చెజీ సూత్రాన్ని అన్వయించి, ఈ ప్రవాహపు అవకలన సమీకరణాన్ని ఫ్రెంచ్ ఇంజనీరు బ్రెస్ 1860లో సాధించాడు. వాస్తవ లోతుకు, ఏకరీతి ప్రవాహపు లోతుకు గల నిష్పత్తి ‘ల’ అనుకుంటే, దూరాన్ని కనుగొనడానికి 1/(ల³−1) ప్రమేయాన్ని ‘ల’ నుండి అనంతం వరకు సమాకలనం చేయవలసి వస్తుంది. బ్యాక్‌వాటర్‌లో ల>1 కనుక దానిని గుణోత్తర శ్రేణిగా విస్తరించి, పదాలవారీగా సమాకలనం చేస్తే ఈ ఫలితం లభిస్తుంది:

1/(2ల²) + 1/(5ల⁵) + 1/(8ల⁸) + …

ల=2 వద్ద తొలి మూడు పదాల మొత్తం 0.13174, అసలు విలువ 0.13179. బ్యాక్‌వాటర్ అంచున, ల=1.01 వద్ద, అవే మూడు పదాలు 0.796 మాత్రమే ఇస్తాయి. అసలు విలువ 1.419. ‘ల’ 1ని సమీపించే కొద్దీ అభిసరణ మందగించడమే ఇందుకు కారణం. శ్రేణిని అక్కడ తుంచివేస్తే ముంపు హద్దు అసలు చోటికి దిగువనే ముగిసినట్లు తేలుతుంది. ఎగువ పొలాలు లెక్కలోకి రావు.

ఘాతం 3 అయినప్పుడు సంవర్గమాన, విలోమ టాంజెంట్ ప్రమేయాలతో సంవృత రూపం ఉంది. బఖ్మెటెఫ్ ప్రతిపాదించిన సాధారణ ఘాతానికి శ్రేణియే అనువైన మార్గం. వాలు, వెడల్పు మారే నదిని ఖండాలుగా విభజించి, ప్రతి ఖండంలోనూ పదాల సంఖ్యను శేషం పరిమాణాన్ని బట్టి నిర్ణయించాలి.